అరడుగు వెనక

అక్కకు చిన్నప్పటి నుంచీ పరుగంటే కిట్టదు. ఎక్కాల్సిన బస్సు కదిలిపోతున్నా పరిగెత్తేది కాదు, "ఇదొక్కటేనా బస్సు, ఇంకోటి రాదా?" అనేది. వాన మొదలై అందరూ చూరు కిందికి ఉరుకుతుంటే తను మాత్రం తడుస్తూ నింపాదిగా నడిచొచ్చేది. ఎలాగూ తడవక తప్పనప్పుడు ఆయాసం కూడా ఎందుకని ఆమె వాదన. వాళ్ల నాన్న ఇంటికొచ్చిన ప్రతివాళ్ల ముందూ ఇద్దరు కూతుళ్లనూ నిలబెట్టి ఒకటే మాట అనేవాడు: "పెద్దదానికి చేతులు, చిన్నదానికి కాళ్లు." పెద్దది ఇంటి చాకిరీ ఎంతైనా చేస్తుందని, చిన్నది పరుగు పందేల్లో కప్పులు తెస్తుందని ఆయన మురిపెం. మురిపెం ఆయనది, చాకిరీ పెద్దదానిది.

చెల్లెలు మైదానంలో పరిగెత్తుతుంటే అక్క గట్టు మీద కూర్చుని ఆమె చెప్పులు, నీళ్ల సీసా, తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కాపలా కాసేది. చెల్లెలు గెలిచాక ఫొటో తీసేవాడు అందరినీ వరుసలో నిలబెట్టి, చివరికి అక్క వైపు చూసి, "ఆ చెప్పులు పడుతున్నాయమ్మా, నువ్వు కొంచెం పక్కకు జరుగు" అనేవాడు. చెప్పులు కింద పెట్టి రమ్మని ఎవరికీ తట్టేది కాదు. అక్కకూ తట్టేది కాదు, జరిగేది. ఇంట్లో ఉన్న ఫొటోలన్నిట్లో కప్పులున్నాయి, చెల్లెలుంది, నాన్న ఉన్నాడు. ఒకదాంట్లో మాత్రం ఓ మూల అక్క మోచెయ్యి ఉంది.

అంతటి కాళ్లున్న చెల్లెలికి కళ్లు పోయాయి. ఒక్కరోజులో పోలేదు. మొదట చీకటి పడ్డాక గడపలు తగిలేవి, తర్వాత పక్కనుంచి వచ్చే మనుషులు కనపడడం మానేశారు, ఆ తర్వాత లోకమంతా గొట్టంలోంచి చూస్తున్నట్టయింది, ఆఖరికి ఆ గొట్టమూ మూసుకుపోయింది. డాక్టర్లు జబ్బుకు పెద్ద పేరు చెప్పారు గాని మందు చెప్పలేదు. చేస్తున్న ఉద్యోగం పోయింది. అమ్మ అంతకు ముందే పోయింది, నాన్న ఈ దిగులుతో పోయాడు. మిగిలింది అక్క. అక్క ఇంట్లో వెనకవైపు ఒక గది ఉంది, పాత సైకిలూ విరిగిన కుర్చీలూ పెట్టుకునేది. వాటిని తీసి మంచం వేశారు.

చెల్లెలు ఆ గదిలో ఎనిమిదేళ్లు ఉంది. అక్క మంచిది కాదని కాదు. వేళకు తిండి పెట్టింది, బట్టలు ఉతికింది, జ్వరమొస్తే పక్కనే కూర్చుంది. కాకపోతే ఎనిమిదేళ్లలో ఒక్కసారైనా "ఈ బరువు నాకే ఎందుకు రాసిపెట్టి ఉంది" అనుకోని రోజు లేదు. పైకి అనలేదు. పైకి అనకపోవడమే తన గొప్ప అనుకుంది.

అక్క పనిచేసేది ఒక పెద్ద ఆసుపత్రి లాండ్రీలో. ఉతికిన దుప్పట్లు వేడి రోలర్ల మధ్య నుంచి పొగలు కక్కుతూ వస్తాయి. ఇటొకరు అటొకరు నిలబడి నాలుగు మూలలూ పట్టుకోవాలి, దులపాలి, సగానికి మడవాలి, ఒకరు నడుచుకుంటూ వెళ్లి తమ మూలలు రెండోవారి చేతుల్లో పెట్టాలి. అక్కడ ఒక పద్ధతుంది: అంచు పట్టినవాళ్లు ఆగాలి, మడత పట్టినవాళ్లు నడవాలి. ఇద్దరూ నడిస్తే దుప్పటి నేలను తాకుతుంది, ఒకరు ముందే లాగితే రెండోవారి చేతిలోంచి జారిపోతుంది. నేల తాకిన దుప్పటి మళ్లీ ఉతుకుడుకే. ఇరవై ఏళ్లలో అక్క చేతిలోంచి దుప్పటి నేల తాకింది లేదు. ఆమె జోడీదారును అందరూ రేడియో అంటారు. పొద్దున ఎవరూ మీట నొక్కకుండానే మొదలవుతుంది, సాయంత్రం గేటు దాటాక కూడా వినపడుతూనే ఉంటుంది.

ఒకరోజు, బడిలో చెల్లెలికి పరుగు నేర్పిన పీటీ మాస్టారు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. రిటైరయ్యాడు, జుట్టు పోయింది గాని మెడలో విజిల్ పోలేదు. కళ్లు లేనివాళ్లకూ పరుగు పందేలున్నాయని, వచ్చే ఏడాది ఎంపిక జరుగుతుందని, మొదటి ముగ్గురిని వేరే ఊళ్లో శిక్షణ కేంద్రానికి తీసుకుంటారని చెప్పాడు. అక్కడే గది, అక్కడే తిండి, కొన్నాళ్లకు కళ్లు లేని పిల్లలకు పరుగు నేర్పే పని కూడా ఇస్తారట. అయితే వయసు దాటకూడదు. చెల్లెలికి అదే ఆఖరి ఏడాది.

"పక్కన ఒకరు తోడు పరిగెత్తాలి. చేతికీ చేతికీ మధ్య చిన్న తాడు. వాళ్లే కళ్లు. ఎవరున్నారు మీకు?" అన్నాడు మాస్టారు.

ఎవరున్నారు? చుట్టుపక్కల కాళ్లున్నవాళ్లకు తీరిక లేదు, తీరికున్నవాళ్లకు కాళ్లు లేవు. ఓ కాలేజీ అమ్మాయి నాలుగు రోజులు వచ్చి, పరీక్షలని మానేసింది. ఐదో రోజు సాయంత్రం చెల్లెలు మంచం మీద కూర్చుని, "అక్కా, నువ్వు రావే" అంది.

"నేనా? నేను పరిగెత్తితే రోడ్డు మీద గుంటలు పడతాయి. మళ్లీ మున్సిపాలిటీ వాళ్లొచ్చి నన్నే పూడ్చమంటారు."

అక్క మొగుడు బస్సు డిపోలో మెకానిక్. ఆ మాట విని పగలబడి నవ్వాడు. "దీని ఇంజను తాళం తిప్పితే కదలదు చిన్నమ్మాయ్, నలుగురు దిగి తొయ్యాలి!"

చెల్లెలు నవ్వలేదు. "మంచం నుంచి తలుపు దాకా, తలుపు నుంచి బాత్రూం దాకా. నా లోకమంతా అంతేనక్కా. ఇందులోంచి బయటపడాలి. ఇంకెవర్నడగను?" అంది.

అక్క ఆ రాత్రి చాలాసేపు ఆలోచించింది. చెల్లెలి మీద జాలి ఉంది, అబద్ధం కాదు. దాని పక్కనే ఇంకో ఆలోచన కూడా ఉంది. ఇది ఎంపికై వెళ్తే నా ఇల్లు నాకు మిగులుతుంది. జాలి, ఆశ రెండూ ఒకే దారి చూపిస్తుంటే ఎవరు కాదంటారు? పొద్దున్నే సరేనంది.

తాడు అక్కే తయారు చేసింది. లాండ్రీలో చిరిగి పక్కన పడేసిన దుప్పటి అంచు కోసి, మూడు పాయలుగా అల్లి, రెండు కొసలా ఉచ్చులు వేసింది. మూరెడు కూడా లేదు. ఒక ఉచ్చు చెల్లెలి వేళ్లకు, ఒకటి తన వేళ్లకు. ఇంటికొచ్చాక తలుపు పక్కన మేకుకు తగిలించేవాళ్లు. చెల్లెలు గుమ్మంలోకి రాగానే తడుముకోకుండా సరిగ్గా ఆ మేకు మీదికే చెయ్యి పోనిచ్చేది. అక్కను ముందుకు పోనివ్వకుండా ఒక కట్టుబాటు కూడా పెట్టుకున్నారు. తాడు ముందుకు లాగితే చెల్లెలు "తాడు!" అంటుంది, అంతే, అక్క వెనక్కి తగ్గాలి.

మొదటి నెలల్లో "తాడు" అనే అవసరమే రాలేదు. కళ్లు లేనిదే కళ్లున్నదాన్ని ఈడ్చుకుపోయింది. డొక్కలో పోటు, తొడలు ఒరుసుకుని మంట, బూట్లలో బొబ్బలు, నోట్లో ఇనుము నాకినట్టు రుచి. మైదానం ఓ మూల ఒక కుళాయి ఉంది. ప్రతి చుట్టుకూ అక్క అక్కడికి రాగానే దాహమని ఆగిపోయేది. ఎంత దాహమంటే, నీళ్లు తాగకుండా తీరిపోయేంత. "పరుగు కనిపెట్టినవాణ్ని తీసుకొచ్చి మా రోలర్ల మధ్య వేస్తే సరి" అని తిట్టేది. లాండ్రీలో కుంటుతూ నడుస్తుంటే రేడియోకు కావలసినంత వార్త దొరికింది: "మా జోడీదారు పందేనికి వెళ్తోందర్రా! గుర్రాల పందేనికి కాదు, గుర్రం పక్కన నడిచే పందేనికి!"

అక్క మానేద్దామనుకోని పూట లేదు. మానలేదు. మానితే వెనక గది అలాగే ఉంటుంది, అందులో చెల్లెలు అలాగే ఉంటుంది. ఆ తలుపు ముందు నుంచి రోజూ తనే నడవాలి.

చలికాలం ఒక పొద్దున మంచు పట్టింది. పదడుగుల అవతల ఏమీ కనపడడం లేదు. "ఇవాళ నీకూ నాకూ తేడా లేదు" అంది అక్క. చెల్లెలు నవ్వింది. పరిగెత్తడం మొదలెట్టారు. మాట్లాడడానికేమీ లేక అక్క తన అడుగుల చప్పుడే వింటూ పోయింది. కాసేపటికి "కుళాయి ఇంకా రాలేదేమిటి" అనుకుని చూస్తే, కుళాయి ఎప్పుడో వెనకబడిపోయింది. ఎన్ని చుట్లు వెనకబడిందో కూడా తెలియదు. డొక్కలో పోటు లేదు. ఊపిరి దాని మానాన అది వస్తోంది, పోతోంది. మొగుడు పిలవడం లేదు, సూపర్‌వైజర్ పిలవడం లేదు, రేడియో మోగడం లేదు, కుక్కర్ కూయడం లేదు. నలభై ఏళ్లుగా ఎవరో ఒకరు "ఇదిగో" అని పిలుస్తూనే ఉన్న మనిషి, పరిగెత్తేటప్పుడు తననెవరూ పిలవలేరని ఆ పొద్దున మొదటిసారి కనిపెట్టింది. అక్కకు ఏడుపొచ్చినంత పనైంది. హాయిగా ఉంది. సిగ్గులేనంత హాయిగా ఉంది.

ఆ సంగతి బయటపెట్టడానికి నామోషీ. ఇన్నాళ్లూ తిట్టిన నోటితో ఇప్పుడెలా పొగడడం? ఇంటికొచ్చి అలవాటు కొద్దీ, "అబ్బ, చచ్చాను" అంది. చెల్లెలు తాడు మేకుకు తగిలిస్తూ, "అవునా? ఇవాళ తాడు బరువు లేదే" అంది. అక్క వంటింట్లోకి తప్పుకుంది.

ఆ తర్వాత కథ తిరగబడింది. అలారం మోగక ముందే అక్క లేచి చెల్లెల్ని తట్టి లేపడం మొదలెట్టింది. సెలవు రోజున ఒక్కతే వెళ్లి పరిగెత్తడం మొదలెట్టింది. ఒకసారి చెమటతో ఇంట్లోకి రాగానే వెనక గదిలోంచి చెల్లెలు అడిగింది:

"ఎక్కడికెళ్లావక్కా?"

"కూరగాయలకి."

"ఏం, కూరగాయలు వెంటపడ్డాయా? ఆ ఊపిరేంటి?"

ఇద్దరూ నవ్వుకున్నారు. చెల్లెలి దగ్గర ముఖం దాచుకోవచ్చుగాని ఊపిరి దాచుకోలేమని అక్కకు అప్పుడే తెలియాల్సింది. నవ్వులో కొట్టుకుపోయింది.

ఇరవై ఏళ్లు తడి దుప్పట్లు మోసిన ఒళ్లు కదా, ఊరికే పోతుందా? ఎండలు ముదిరేసరికి అక్క చెల్లెల్ని మించిపోయింది. "తాడు" అనే మాట రోజుకు ఒకసారి, తర్వాత చుట్టుకు ఒకసారి వినపడసాగింది. విన్నప్పుడల్లా అక్క తగ్గేది. తగ్గడం చేతనైన పనే, కాకపోతే ఇదివరకు తగ్గినప్పుడు ఏమీ అనిపించేది కాదు, ఇప్పుడు అనిపిస్తోంది.

మాస్టారు ఇద్దర్నీ గీత దగ్గర నిలబెట్టి మరీ మరీ చెప్పాడు. "అమ్మా, గీత ఆమెది. నీది కాదు. నువ్వు లాగకూడదు, ఆమె కన్నా ముందు గీత దాటకూడదు. ఆఖరి పది అడుగుల్లో నువ్వు అరడుగు వెనక్కి రావాలి. నీ ఛాతీ ముందు దాటిందంటే ఇద్దరి పరుగూ లెక్కలో ఉండదు."

"మా లాండ్రీలో కూడా అంతే మాస్టారూ. అంచు పట్టినవాళ్లు ఆగాలి" అంది అక్క. పదిసార్లు చేయించాడు, పదిసార్లూ సరిగ్గా చేసింది. మాస్టారు సంతోషించి, చెల్లెలు నీళ్లు తాగుతున్నప్పుడు అక్కతో మెల్లగా, "గట్టెక్కుతుందమ్మా మీ చెల్లి. ఆ తర్వాత నీకూ విశ్రాంతే. కేంద్రంలో తోడు పరిగెత్తడానికి వాళ్ల కుర్రాళ్లే ఉంటారు. నీ పని ఆ గీత దాకానే" అన్నాడు.

"అంతేగా మరి" అంది అక్క. నవ్వింది కూడా.

ఆ మధ్యాహ్నం లాండ్రీలో, ఇరవై ఏళ్లలో మొదటిసారి దుప్పటి నేల తాకింది. రేడియో ఖాళీ చేతులు చూసుకుంటూ, "ఏమే, నేనింకా పట్టుకోకముందే లాగేశావు! నా చేతిలోది గుంజుకుపోతావా ఏంటి?" అంది. అందరూ నవ్వారు. అక్క వంగి దుప్పటి తీసి మైల గుట్టలో పడేసింది. తనకు ఏం పోతోందని ఇంత దిగులు? చెల్లెలు బాగుపడుతుంది, గది ఖాళీ అవుతుంది, కోరుకున్నదే కదా. ఒక్కతే పరిగెత్తుకోవచ్చు, ఎవరు వద్దన్నారు? కాని ఒక్కతే పరిగెత్తే ఆడదాన్ని చూసి "ఏం పనీపాటా లేదా" అంటారు. చెల్లెలి పక్కన పరిగెత్తితే "ఆహా, ఎంత త్యాగం" అంటారు. తను ఇష్టపడ్డ పనిని త్యాగమని పిలిపించుకునే వీలు మళ్లీ జన్మలో రాదు.

ఎంపిక జరిగే మైదానం వేరే ఊళ్లో ఉంది. మెట్ల మీద పట్టుమని యాభై మంది లేరు. ఆరు జంటలు. పరుగు మైదానం చుట్టూ నాలుగు చుట్లకు పావు చుట్టు తక్కువ. అక్క ఛాతీకి "గైడ్" అని రాసిన గుడ్డ కట్టారు, అది సరిగ్గా ఉందో లేదో మూడుసార్లు చూసుకుంది. మొదలెట్టే ముందు మైకులో చెప్పారు: "దయచేసి ఎవరూ అరవకండి. చప్పట్లు కూడా పరుగు అయ్యాకే. పరిగెత్తేవాళ్లకు పక్కవాళ్ల మాట వినపడాలి." మైదానం మొత్తం నిశ్శబ్దమైపోయింది. దూరంగా జెండా గుడ్డ గాలికి కొట్టుకునే చప్పుడు వినపడుతోంది.

చెల్లెలి వేళ్లు చల్లగా ఉన్నాయి. "అక్కా, మూడో స్థానం చాలు. ఎక్కువొద్దు" అంది.

"నువ్వు పరిగెత్తు, నేను చూసుకుంటా."

తుపాకీ పేలింది. మొదటి రెండు చుట్లూ నాలుగో జంటగా ఉన్నారు. అక్క గొంతు తగ్గించి చెబుతూనే ఉంది, "మలుపు... ఎడమకి... తిన్నగా... ముందున్నామె అలిసింది, భుజాలు ఊగుతున్నాయి." ఆఖరి చుట్టు గంట మోగాక ఒక జంటను దాటారు. మలుపులో ఇంకో జంటను దాటారు. ఇప్పుడు రెండో స్థానం. వెనకవాళ్లు బాగా దూరం. ఇక చెయ్యాల్సిందేమీ లేదు, ఇలాగే వెళ్లి, అరడుగు వెనక్కి తగ్గి, గీత దాటడమే.

మలుపు తిరిగేసరికి తిన్నని దారి కనపడింది. కొసన తెల్ల గీత. గీత అవతల ఒకడు మోకాళ్ల మీద కూర్చుని కెమెరా పట్టుకుని ఉన్నాడు. కెమెరా తమ వైపే ఉంది. ముందున్న జంట అందేంత దూరంలోనే ఉన్నట్టుంది. అక్కకు కాళ్ల కింద నేల ఉన్నట్టు లేదు. ఆ మంచు పొద్దున వచ్చిన హాయి ఇప్పుడు పదింతలై వచ్చింది. ఒళ్లో చెప్పులు లేవు, నీళ్ల సీసా లేదు, పక్కకు జరగమనే నోరు లేదు.

"తాడు!" అంది చెల్లెలు.

పది అడుగులుంది.

"తాడక్కా!"

అక్క గీత దాటింది. దాటి చెయ్యి పైకెత్తింది. చెయ్యెత్తాక చూసుకుంటే, ఎత్తింది తాడున్న చెయ్యి. ఆ కుదుపుకు చెల్లెలు తూలి, మోకాలు నేలకు ఆని, లేచింది. చప్పట్లు మొదలయ్యాయి, మొదలై ఆగిపోయాయి. తెల్ల టోపీ పెట్టుకున్న ఒకావిడ ఎర్ర జెండా ఎత్తింది.

ఒప్పుకోకపోతే చూసుకోమని ఫొటో చూపించారు. అందులో అక్క జానెడు ముందుంది. నోరంతా తెరిచి నవ్వుతోంది. అంత పెద్ద నవ్వు తన ముఖం మీద ఉంటుందని అక్కకే తెలియదు. ఆమె భుజం వెనక చెల్లెలి ముఖం సగమే కనపడుతోంది, ఆమె నోరు కూడా తెరిచే ఉంది. ఏమంటోందో ఫొటో చూసే మిగతావాళ్లకు తెలియకపోవచ్చు.

నాలుగో స్థానంలో వచ్చిన పిల్లను మూడోదాన్ని చేశారు. ఆ పిల్ల తన తోడును కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది. చెల్లెలు అటువైపు తల తిప్పి ఆ ఏడుపు పూర్తయ్యేదాకా విన్నది. మాస్టారు విజిల్ తీసి జేబులో పెట్టుకుని, "తెగేదాకా లాగకూడదంటారమ్మా. నువ్వు తెగకుండానే లాగేశావు" అన్నాడు. అంతకు మించి తిట్టలేదు, తిట్టినా బాగుండేది.

బస్సులో కిటికీ పక్క చెల్లెలు, ఇటు అక్క. చాలా దూరం వచ్చాక చెల్లెలు అడిగింది.

"ఎంత ముందు?"

"జానెడు."

"నేను తాడు అన్నాను. రెండుసార్లు అన్నాను. వినపడలేదా?"

విన్నది. మొదటిది విన్నది, రెండోదీ విన్నది. గీతకు పది అడుగులుండగా విన్నది. ఆ మాట చెప్పేస్తే ఏమయ్యేదో అక్కకు తెలియదు. చెల్లెలు తిట్టేదేమో, ఏడ్చేదేమో, ఎన్నేళ్లకో క్షమించేదేమో. అక్క చెప్పలేదు.

"జనం గోలలో వినపడలేదే. అంతమంది అరుస్తుంటే ఎలా వినపడుతుంది? ఒట్టు."

చెల్లెలు తల అక్క వైపు తిప్పింది. కళ్లు లేనిదానికి ప్రపంచమంతా చెవుల్లోనే ఉందని, ఆ మైదానంలో జెండా గుడ్డ కొట్టుకోవడం కూడా ఆమె విన్నదని, మాట నోరు దాటాక గాని అక్కకు గుర్తు రాలేదు.

"జనమా," అంది చెల్లెలు. ఆ తర్వాత "సరే" అంది. మళ్లీ కిటికీ వైపు తిరిగింది, అక్కడ ఆమెకేం కనపడుతుందని.

ఇంట్లో అందరూ అక్క పక్షమే. "జానెడుకే ఇంత రాద్ధాంతమా? వాళ్లూ మనుషులేనా?" అని మొగుడు రూల్స్ పెట్టినవాళ్లను చెడతిట్టాడు. "పాపం, ఏడాది పాటు కంటికి రెప్పలా చూసుకుందమ్మా, దాని కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది" అని రేడియో లాండ్రీ అంతా ప్రసారం చేసింది. అక్క కాదనలేదు. తలొంచుకుని ఓదార్పులన్నీ పుచ్చుకుంది. వెనక గదిలోంచి చెల్లెలు బాత్రూంలోకి వెళ్లి, కుళాయి తిప్పి చాలాసేపు ఉండేది. నీళ్ల చప్పుడులో ఇంకే చప్పుడూ వినపడకూడదని.

వారం గడిచింది. ఒక తెల్లవారుజామున అక్కకు అలారం లేకుండానే మెలకువ వచ్చింది. కాళ్లు దురద పెడుతున్నట్టు అటూ ఇటూ కదులుతున్నాయి. వద్దనుకుంది. ఈ బుద్ధికి కాళ్లు విరగ్గొట్టుకోవాలి అనుకుంది. మళ్లీ కాసేపటికి, పాలు తేవాలి కదా అనుకుంది. బూట్లు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా తలుపు తీసింది. మేకుకు తాడు వేలాడుతోంది.

మొదటి చుట్టు ఏడుస్తూ పరిగెత్తింది. ఎడమ చెయ్యి ఖాళీగా ఉంటే ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండో చుట్టులో ఏడుపు ఆగింది. మూడో చుట్టులో కుళాయి ఎప్పుడు దాటిందో తెలియలేదు. ఊపిరి దాని మానాన అది వస్తోంది, పోతోంది. గాలి చల్లగా ఉంది. పాపిష్టి ఒంటికి ఎప్పటిలాగే హాయిగా ఉంది. చెల్లెలి బతుకు తీసుకెళ్లి వెనక గదిలో పడేసిన కాళ్లే ఇవి, వీటికి సిగ్గు లేదు, వీటికి తెలిసిందల్లా పరిగెత్తడమే. అక్క వాటిని తిట్టుకుంటూ ఇంకో చుట్టు తిరిగింది, ఆ పైన ఇంకోటి.

ఇంటికొచ్చేసరికి చెల్లెలు లేచి వరండాలో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అక్క మెట్టు మీదే ఆగిపోయింది. ముఖం మీద ఇంకా ఆ సంతోషం ఉంది, తుడుచుకున్నా పోదు. పోనీలే, చెల్లెలికి కనపడదు కదా అని ఒక్క క్షణం ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం వచ్చినందుకు అక్కకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"పాలకి వెళ్లాను" అంది.

చెల్లెలు తువ్వాలు అంచులు కలిపి, చేత్తో సాపు చేసి, మడత మీద మడత పెట్టింది.

"బాగా పరిగెత్తావు" అంది. "ఇక్కడ జనం లేరు కదా, వినపడుతోంది."

బట్టల దొంతర చంకలో పెట్టుకుని లేచి, గోడ పట్టుకుంటూ తలుపు దగ్గరికి వెళ్లింది. మేకు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి గోడ మీంచి తీసి, తాడు తగలకుండా చుట్టుతిప్పి, అవతల మళ్లీ గోడ పట్టుకుంది. లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.